కిటికీ అద్దం మీద ఎక్స్‌రే

ఆ పొద్దున కిటికీ అద్దంలో ఒక్క చోట మాత్రం ఎండ మసకగా కనబడింది. అత్తమ్మ ఎక్స్‌రే ఫిల్ములు ఒత్తిపట్టి చూసే చోటు అది. ఏళ్ల తరబడి వేళ్లు తగిలి అక్కడ అద్దం మెరుపు పోయింది. తడిగుడ్డతో తుడుద్దామని దగ్గరికి పోయాను. అప్పుడే నాయిన మెట్లు దిగి వచ్చి, "అత్తమ్మ లేదు బిడ్డా" అన్నాడు. నిద్రలోనే పోయింది. గుడ్డ పక్కన పెట్టేశాను. ఇప్పటికీ అక్కడ తుడవలేదు.

మా నాయినకు ఆమె అక్క. జనగామలో అందరికీ పండ్ల డాక్టరమ్మ. కింద దవాఖాన, పైన ఇల్లు. దవడంతా ఒకే ఫిల్ములో పడే పెద్ద మిషన్ ఒకటి ఉండేది ఆమె దగ్గర. హైదరాబాద్‌లో ఎవరో పాతబడిందని వదిలించుకుంటే లారీలో తెచ్చుకుంది. గడ్డం ఆనించి నిలబడితే అది తల చుట్టూ మెల్లగా తిరిగేది. కరెంటు ఉన్నప్పుడు ఫొటో తీసేది, లేనప్పుడు కిటికీ వెలుతురులో చూసేది. మా ఊళ్లో కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి ఎక్కువగా కిటికీ దగ్గరే ఉండేది.

ఫొటోకు ముందు ఒంటి మీది లోహం తీసేయాలి. లేకపోతే దాని నీడ ఫిల్ము మీద పడుతుంది. ఉన్న చోటే కాదు, అవతలి చెంప మీద కూడా, కొంచెం పైన, అలుక్కుపోయినట్టు పడుతుంది. ఆడవాళ్లు కమ్మలు తీయడానికి వెనకాడితే అత్తమ్మ ముందు తన ఎర్రరాళ్ల కమ్మలు తీసి గుప్పిట్లో పట్టుకునేది. "సూడు, నేను తీసిన. నీయి నీ చేతుల్నే ఉంటయి. ఐపోంగనే ఇద్దరం పెట్టుకుందాం" అనేది.

కాలేజీలో ఆమె తెలంగాణ యాస విని నవ్వేవాళ్లట. ఆమె మార్చుకోలేదు. పన్ను సలపడం వేరు, గుంజడం వేరు, జివ్వుమనడం వేరని, రోగి ఏ మాట అంటే ఆ మాటే రాసుకునేది. "నవ్వినోళ్లకు మూడింటికీ ఒక్కటే మాట ఉన్నది. నేనేం జెయ్యాలె?" అనేది. తెలుగులో మాట్లాడితే జరిమానా వేసే కాన్వెంటులో చదివిన నాకు ఆ మాటలన్నీ ఆమె దగ్గరే దొరికాయి. ఉద్యమం మొదలయ్యాక ఎవరో, "రాష్ట్రం రాంగనే బోర్డు తెలుగుల రాయించున్రి డాక్టరమ్మా" అన్నారు. "గప్పటిదాక ఎందుకు?" అని ఆ వారమే 'పండ్ల దవాఖాన' అని రాయించింది. రాష్ట్రం ఇంకా రాలేదు. బోర్డు ఉంది.

సకల జనుల సమ్మె రోజుల్లో నాకు కాలేజీ లేదు. పొద్దంతా దవాఖాన మూలన పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. మాట్లాడమని అత్తమ్మ ఎప్పుడూ బలవంతపెట్టలేదు. రోడ్డు మీదే వండుకుని తినే సమ్మెవాళ్ల వంటావార్పు పొయ్యిలకు దవాఖాన ముందు జాగా ఇచ్చింది, నీళ్లిచ్చింది, మధ్యాహ్నం తెల్లకోటుతోనే వాళ్ల వరుసలో కూర్చుని తినేది. అలాంటి ఒక రోజు దంతాలపల్లి దిక్కు లంబాడా తండా నుంచి తల్లీకొడుకులు బండి మీద వచ్చారు. కొడుకు భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పనిచేస్తాడు. బాయి కూడా సమ్మెలో ఉంది కాబట్టి ఇంటికొచ్చాడు. మానుకోటలో చుట్టాలెవరో మా అత్తమ్మ పేరు చెప్పారట.

"గొంతుల ఏదో అడ్డం పడ్డట్టున్నదంటది మేడం. నోరు వాసనొస్తది. మింగితే చెవుల దాక నొప్పి," అన్నాడు కొడుకు. చేతిలో వేరే చోట తీయించిన ఫిల్ము ఉంది. "దవడ ఎముకల ఏదో లేసిందన్నరు. హైద్రాబాద్ పోయి ముక్క కోసి పరీక్ష జేయించాలన్నరు. బస్సుల్లేవు, రైళ్లు ఆపుతున్నరు. ఎట్ల పోవాలె?" తర్వాత గొంతు తగ్గించాడు. "క్యాన్సరని తనకు తనే ఖాయం జేసుకున్నది. గిన్నె, చెంబు వేరే పెట్టుకున్నది. మనుమరాలిని దగ్గరికి రానిస్తలేదు."

తల్లి తలెత్తలేదు. తండాలో పెళ్లయిన ఆడవాళ్లు చెంపల దగ్గర జుట్టుకు అల్లుకునే వెండి టోప్లీలు రెండు పక్కలా వేలాడుతున్నాయి.

అత్తమ్మ ఫిల్మును అద్దానికి ఆనించి చాలాసేపు చూసింది. "ఇవి పెట్టుకునే ఫొటో దిగినవా, చెల్లె?"

ఆమె తలూపింది.

"అయితే ఇండ్ల సగం నీ వెండే ఉన్నది."

మిగతా సగం వెండి కాదు. కుడి దవడ మీద, ఆ మసక నీడలకు కిందుగా, జొన్నగింజల్లాంటి తెల్లటి చుక్కలు కొన్ని ఉన్నాయి. అవి ఎముకలో ఉన్నాయా, ఎముక వెనక గొంతులో ఉన్నాయా అన్నది తెలియాలి. ఫిల్ము మీద రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. మళ్లీ తీయాలి. అత్తమ్మ అలవాటుగా తన కమ్మలు తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

ఆ తల్లి ముక్కుది తీసింది, చెవులవి తీసింది. టోప్లీల దగ్గర ఆగిపోయింది.

"ఇవి తియ్య," అంది. "నా మొగుడు మంచిగున్నడు. ఆయన పోయిన్నాడు తీసేటియి ఇవి."

కొడుకు వాళ్ల భాషలో గట్టిగా ఏదో అని మా దిక్కు తిరిగాడు. "పానం మీదికొస్తె గా బిళ్లల కాడ లొల్లి వెడుతున్నది. జర మీరన్న జెప్పున్రి మేడం."

"నువ్వు బయటికి పోయి రెండు ముద్దలు తిను పో. పప్పు మంచిగయింది," అంది అత్తమ్మ.

అతను వెళ్లాక అత్తమ్మ తన కమ్మలు మళ్లీ పెట్టుకుంది. నేను పుస్తకం మూసి చూశాను. ఎవరి దగ్గరా ఆమె అంత తొందరగా తగ్గేది కాదు.

"తియ్యద్దు చెల్లె. పైకి కడుదాం," అంది.

టోప్లీలతో సహా ఆమె జుట్టును నడినెత్తి మీదికి ఎత్తి గాజుగుడ్డతో చుట్టి ముడివేసింది. మిషన్ చూసేది గడ్డం నుంచి కండ్ల దాకే. నెత్తి మీద ఏమున్నా దానికి పట్టదు. మెడలో దండలు భుజాల కిందికి జరిపింది. ఆ తల్లి గోడ అద్దంలో తనను చూసుకుని, "నా పెండ్లిల గుడ ఇట్ల గట్టలే" అంది. అత్తమ్మ నవ్వింది.

కరెంటు వచ్చేదాకా ముగ్గురం కూర్చున్నాం. వచ్చాక రెండు ఫొటోలు తీసింది. ఒకటి మామూలుగా, ఒకటి నోరు బాగా తెరిపించి. కడిగిన ఫిల్ములు రెండూ పక్కపక్కన అద్దానికి పట్టి, కొడుకును లోపలికి పిలిచింది.

"గీ నీడలు పోయినయి సూడు. గింజలు పోలే. గీ రెండో దాంట్ల నోరు తెరిసింది, దవడ జరిగింది. గింజలు దవడతోని జరగలే, ఆడనే ఉన్నయి. ఎముకల ఉంటె ఎముకతోని పోవాలె గద?"

తర్వాత చిన్న అద్దం, లైటు పట్టుకుని గొంతులోకి చూసింది. కుడి పక్క మెల్లగా ఒత్తింది. పసుపుపచ్చటి గింజ ఒకటి గాజుగుడ్డ మీద పడింది. మూలన ఉన్న నా దాకా వాసన వచ్చింది. అత్తమ్మ ముఖం తిప్పుకోలేదు.

"గిదే నీ బీమారి. టాన్సిళ్లల గుంతలుంటయి. తిన్నయి ఇరికి రాయి లెక్క గట్టిపడ్డయి. పెద్దయి లోపలున్నయి, అవి గొంతు డాక్టరు తీస్తడు. ఆయన జూసిందాక నా మాట సగమే అనుకో. కని ఇది ఒకలికి అంటుకునేది గాదు. ఇంటికి పోయి మనుమరాలిని ఎత్తుకో."

ఆమె సంచిలోంచి తన చెంబు తీయబోయింది. కొడుకు తను తాగుతున్న గ్లాసే అందించాడు. "తాగు యాడీ," అన్నాడు, వాళ్ల భాషలో అమ్మా అని. ఆమె కొంచెంసేపు గ్లాసును చూసింది. తాగింది. మిగిలిన నీళ్లు అతను తాగాడు.

అత్తమ్మ ముడి విప్పబోతే ఆమె ఆపింది. "ఉండనియ్యి. ఇంటికాడ జూపిస్త." నెత్తి మీద వెండితో, తెల్ల గాజుగుడ్డతో బండెక్కి, జై తెలంగాణ అంటున్న జనం మధ్య నుంచి వెళ్లిపోయింది. వంట దగ్గరి ఆడవాళ్లు గరిటెలు ఆపి చూశారు. సమ్మె అయిపోయాక గొంతు డాక్టరు కూడా అదే మాట చెప్పాడు, రాళ్లు తీశాడు.

"ఒక్క దిక్కు నుంచి సూసి పేరు పెట్టద్దు," అనేది అత్తమ్మ. మామూలు మాట. నేను ఏ పుస్తకం తెరిచినా అది గుర్తొస్తుంది.

అత్తమ్మ పోయిన రోజు మధ్యాహ్నం తండా నుంచి ఆ తల్లి వచ్చింది, భర్తతో. చెంపల దగ్గర టోప్లీలు ఉన్నాయి. అత్తమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. పాడె లేచే ముందు బంగారం తీయాలి అని పెద్దవాళ్లెవరో అత్తమ్మ చెవుల దిక్కు వంగారు. నాయిన అడ్డం వచ్చి, "కమ్మలు ఉండనియ్యున్రి" అన్నాడు. ఎర్రరాళ్ల కమ్మలతోనే అత్తమ్మ వెళ్లింది.

అత్తమ్మ కాలేజీలో చదువుకుంటుండగానే ఆమె భర్త, మా మామయ్య, పోయాడు. అప్పుడు తన కమ్మలు తీయడానికి వచ్చినవాళ్లను ఆమె గదిలోకి రానివ్వలేదు.