ట్రాలీ కింద సుత్తి చప్పుడు

నమ్మితే నమ్మండి, లేకపోతే నవ్వుకోండి. మా పాప మీద ఒట్టు వేసి చెబుతున్నాను. అలాంటి ఒట్టు తేలిగ్గా వేసే మనిషిని కాను నేను.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో నేను వెల్డర్ని. మా నాన్న కూడా రైల్వేలోనే చేసి రిటైరయ్యాడు. ఆగిన బండి పక్కన నడుస్తూ, ఒక్కొక్క చక్రాన్నీ సుత్తితో కొట్టి వినడం ఆయన పని. మంచి చక్రం ఖణేల్మంటుంది. పగులున్నది ఓటి కుండలా బొంగురుగా పలుకుతుంది. ఆ చెవుల్ని నమ్ముకునే బండ్లు కదిలేవి. ఇప్పుడు ఆ చెవులు పూర్తిగా పోయాయి. మన పెదాలు చూసి మాట పోల్చుకుంటాడు.

పోయిన చలికాలం ఒక పాత జీపు ట్రాలీ కొన్నాను. నా జీపు వెనక అడవి దారుల్లో లాక్కెళ్ళేలా దాన్ని మార్చాలని నా పిచ్చి. యాక్సిల్‌ని కమాను కట్టల, అంటే స్ప్రింగు పట్టీల, కిందికి దించి ఎత్తు పెంచాను. జీపు టైర్లు వేశాను. పైన, మడత విప్పితే ఇద్దరు పడుకునే గుడారం. ముందు, జీపుకి తగిలించే కప్లింగ్ కడ్డీని కోసి, పొడుగు చేసి, నేనే వెల్డింగ్ పెట్టాను. ఆ సాయంత్రమే ఆకుపచ్చ రంగు డబ్బా మూత తీశాను.

నాన్న సుత్తి పట్టుకుని వచ్చాడు.

"రంగెయ్యకముందు కొట్టి సూడాల్రా. ఏటంత తొందర?"

ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదిపి మరీ చెప్పాను. "నీకు వినబడదు గదా నాన్నా. కొట్టి ఏటి సేస్తావు?"

ఆయన వెనక్కి తిరిగాడు. సుత్తి తీసుకెళ్ళి ఇంట్లో గోడ మేకుకి తగిలించేశాడు. నోరు జారానని తెలుసు. తెలిసి కూడా వెనక్కి పిలవలేదు. రంగు వేసేశాను.

ఆ శనివారం సాలువా ఊరు దాటి, సాల్ చెట్ల మధ్య మొరం దారిలో నేనూ నాన్నా ట్రాలీ నిలిపి, పైన గుడారం విప్పాం. మర్నాడు పొద్దున్న నా భార్య స్కూటీ మీద పాపని తీసుకొస్తుంది. ఎనిమిదేళ్ళది. దాన్ని ట్రాలీలో కూర్చోబెట్టి, పల్లంలోకి దింపి, తిప్పి తెస్తానని మాట ఇచ్చాను. వారం నుంచి ఇంట్లో అదే గోల.

రాత్రి ఎంతయిందో... మెలకువ వచ్చింది.

ఖణ్...

ట్రాలీ కింద. ఎడమ రిమ్ము మీద. తర్వాత ఏమీ లేదు... కొట్టినవాళ్ళు వింటున్నంత సేపు.

ఖణ్... కుడి రిమ్ము.

ఏనుగేమో అనుకున్నాను. ఆ దారిన తిరుగుతాయి. ఏనుగు సుత్తి పట్టదు కదా... కింద అంతా ఎండాకులు. ఉడత నడిచినా కరకరమంటాయి. ఎడమ నుంచి కుడికి వచ్చిన అడుగు చప్పుడు ఒక్కటీ లేదు.

ఖణ్... యాక్సిల్.

నాన్న వైపు టార్చి వేశాను. నిద్రపోతున్నాడు. దుప్పటి బయట ఆయన కుడి చెయ్యి. పిడికిలి బిగిసి ఉంది... దేన్నో పట్టుకున్నట్టు.

అప్పుడు ఆ చప్పుడు ముందుకి జరిగింది. కప్లింగ్ దగ్గరికి.

దబ్.

ఆగింది. మళ్ళీ అక్కడే... దబ్. మూడోసారి మెల్లగా... దబ్. ఓటి కుండ మోత.

నాన్న పిడికిలి విచ్చుకుంది.

గుడారం జిప్పు తీసి చూసే ధైర్యం నాకు లేకపోయింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను. దూరాన పోయే బండ్ల కూతలు వింటూ తెల్లవారేదాకా కూర్చున్నాను.

వెలుగు రాగానే దిగి కప్లింగ్ చూశాను. రంగు మీద దెబ్బ గుర్తు ఒక్కటీ లేదు. రంగు గీకాను. వెల్డింగ్ అంచున వెంట్రుకంత పగులు... కడ్డీ చుట్టూ సగం దాకా తిరిగి ఉంది.

అంతలో స్కూటీ వచ్చింది. పాప పరిగెత్తుకొచ్చి ట్రాలీ ఎక్కబోయింది. గబుక్కున ఎత్తుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో దానికి అర్థం కాలేదు. నా భార్యని అడిగాను. "నాన్న సుత్తి ఎక్కడుంది?"

"ఎక్కడుంటాది? మేకుకే ఉంది. దాని పక్కనుంచే గదా స్కూటీ తాళం తీసినాను."

నాన్న మెల్లగా దిగాడు. నేను ఆయనకి ఇంకా ఏమీ చెప్పలేదు. కప్లింగ్ వైపు ఆయన చూడనైనా లేదు.

"పాపని ఎక్కించకురా. ముందర బాగులేదు."

"నీకెలాగ తెలిసినాది నాన్నా?"

"సెవులు పోతే ఏటి? ఈపుంది గదా. పడుకున్న బల్లలోంచి తెలిసినాది."

"మరి కొట్టినోడెవుడు?"

నా పెదాల వైపు చూశాడు. "డూటీలో అది అడగంరా. ఎవుడు కొట్టినా మనం వినాల, అంతే."

పాప మూతి ముడుచుకుని స్కూటీ మీదే ఇంటికి పోయింది. ట్రాలీని తర్వాత లారీ మీద వేయించి తెచ్చాను. కొత్త కడ్డీ వేశాను. ఈసారి రంగు డబ్బా తెరవలేదు. మేకు మీది సుత్తి తీసి నాన్న చేతికిచ్చాను. క్షమించమని అడగడం నాకు చేతకాలేదు. ఆయన అరచెయ్యి కడ్డీ మీద ఆనించి కొట్టాడు.

ఖణ్... కాసేపు ఆగాడు... ఖణ్.

అదే దెబ్బ. మధ్యలో అదే ఆగడం. ఆ రాత్రి నేను విన్నది అదే, మా పాప మీద ఒట్టు. కానీ ఆ రాత్రి నాన్న నా పక్కనే పడుకుని ఉన్నాడు. టార్చి వేసి చూసింది నేనే.