దైవాశీర్వాదం మాస్టారు పేపర్లిచ్చే పద్ధతి

దైవాశీర్వాదం మాస్టారితో నేను రెండేళ్లు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. ఆయన వంట బాగా చేస్తారు, నేను గిన్నెలు బాగా తోముతాను, కాబట్టి మా మధ్య గొడవలు తక్కువ. వచ్చిన ఒకటీ రెండూ నా నోటి వల్ల వచ్చినవే. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను.

2007 ఆగస్టులో మమ్మల్నిద్దర్నీ ఒకే ఏజెన్సీ ఎక్స్ఛేంజ్ టీచర్ల వీసా మీద టెక్సాస్‌కి తీసుకొచ్చింది. మేమున్న ఊరు, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ప్లేనోకి అరగంట దూరం. మాస్టారు నరసాపురంలో మిషన్ హైస్కూల్లో ఇరవై రెండేళ్లు లెక్కలు చెప్పిన మనిషి. నేను ఆయనకంటే పదేళ్లు చిన్న, హనుమకొండలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఇక్కడ నాకు హైస్కూలు, ఆయనకి ఆ పక్కనే ఉన్న మిడిల్ స్కూలు ఇచ్చారు. కారు ఒక్కటే, డ్రైవింగ్ నాది.

పొద్దున్నే ఐదున్నరకి కుక్కర్ విజిల్ నన్ను లేపేది. లేచి చూసేసరికి మాస్టారు ప్రార్థన ముగించుకుని, చొక్కా ఇస్త్రీ చేసుకుని, టై కూడా కట్టుకుని రెండు డబ్బాల్లో పెరుగన్నం సర్దుతూ ఉండేవారు. ఏడుంబావుకి ఆయన్ని బడి ముందు దింపేవాణ్ణి. ఇక్కడ టీచరు క్లాసుకి వెళ్లడు, క్లాసే టీచరు గదికి వస్తుంది. గంట కొట్టినప్పుడల్లా ఆయన తలుపు దగ్గర నిలబడి ఒక్కో పిల్లకీ, పిల్లాడికీ గుడ్ మార్నింగ్ చెప్పాలి. "ఇక్కడ వాళ్లొస్తే మనం లేచి నిలబడాలండీ" అని మొదటివారమంతా నవ్వుతూనే ఉన్నారు. ఆయన పేరు పిల్లల నోరు తిరగక మిస్టర్ డి అయింది, నెల తిరక్కుండా ఆ డి కూడా రాలిపోయి ఉత్త మిస్టర్ మిగిలింది. ఆదివారాలు ప్లేనోలో తెలుగు చర్చికి దింపేవాణ్ణి. ఆరాధన తర్వాత పెట్టే భోజనం కోసం నేనూ ఆగేవాణ్ణి. నీది ఏ చర్చి బాబూ అని అక్కడెవరూ నన్నడగలేదు, వడ్డించారంతే.

అక్టోబరులో ఆయన మొదటి యూనిట్ టెస్టు పెట్టారు. మన దగ్గర దిద్దిన పేపర్లు ఎలా ఇస్తారో మీకు తెలుసు. మార్కుల వరసలో కట్ట పేర్చి, పేరూ మార్కూ గట్టిగా చదువుతూ ఒక్కొక్కరినే పిలుస్తాం. కట్ట పలచబడేకొద్దీ ఇంకా పిలుపు రానివాళ్ల గుండెలు జారిపోతుంటాయి. ఆఖరువాడికి పేపరుతోపాటు ఒక మాట కూడా పడుతుంది. నేనూ అలా అందుకున్నవాణ్ణే, తర్వాత అలా పంచినవాణ్ణే. అందులో తప్పుందని మాకెవరికీ ఎప్పుడూ తోచలేదు.

ఆ సోమవారం మాస్టారు అలాగే ఇచ్చారు. తొంభై ఎనిమిదితో మొదలుపెట్టారు. సగం పేపర్లయ్యేసరికి క్లాసులో ఊపిరి చప్పుడు కూడా లేదట. క్రమశిక్షణ వచ్చిందనుకుని ఆయన లోలోపల మురిసిపోయారు. అట్టడుగున మిగిలింది మారిసోల్ అనే పదమూడేళ్ల పిల్ల పేపరు. "మారిసోల్, నైన్టీన్. నెక్స్ట్ టైమ్ నీ పేరే ముందు పిలుస్తాను, చూడు" అన్నారు. మనస్ఫూర్తిగా అన్నారు. ఆ పిల్ల పేపరు తీసుకోలేదు. బ్యాగు భుజాన వేసుకుని గదిలోంచి వెళ్లిపోయింది.

మర్నాడు ప్రిన్సిపాల్ ఆయన్ని పిలిచింది. ఒకరి మార్కులు ఇంకొకరికి వినబడేలా చదవడం ఇక్కడి నియమాలకి విరుద్ధమని చెప్పింది. పిల్ల తల్లి ఫోన్ చేసిందని, వచ్చే సోమవారం నుంచి మారిసోల్‌ని వేరే టీచరు క్లాసుకి మార్చేస్తామని కూడా చెప్పింది. అయితే ఈ శుక్రవారం, పిల్లల మంచిచెడ్డలు చూసే కౌన్సెలర్ గదిలో ఆయన పిల్లతో ఒకసారి మాట్లాడుకోవచ్చట, అందుకు తల్లి ఒప్పుకుందట. ఆ తర్వాత ఉంటుందో మారుతుందో పిల్ల ఇష్టం.

సాయంత్రం కారెక్కిన మనిషిని చూసి అడిగాను.

"ఏమైంది సార్, మొఖం గట్ల పెట్టిండ్రేంది?"

జరిగిందంతా చెప్పారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మార్కులు దాచుకోనీకి అదేమన్నా రోగమా సార్? గీడ పిల్లల్ని ఇంత మాటంటే చాలు, కందిపోతరు. ట్రాన్స్‌ఫర్ చేసుకోనియ్యుండ్రి. ఒక్క పిల్ల పోతే ఏమైతది?"

"ఇరవై రెండేళ్లలో నన్నొద్దని నా క్లాసులోంచి ఒక్క పిల్ల పోలేదండీ శ్యామ్‌గారూ" అన్నారు. "ఈ పిల్ల పోతే, ఇంక నేను మాస్టార్నని ఏ మొహంతో చెప్పుకుంటానండీ?"

"అయితే సారీ చెప్పుండ్రి, అయిపోతది."

"చెప్పడానికేముందండీ, చెబుతాను. దేనికి చెబుతున్నానో నాకే తెలియకపోతే అది ఉత్త మాటే కదా? నా మట్టుకు నేను మేలే చేశాననిపిస్తోంది."

బుధవారం కూడా ఆయన అదే ఆలోచనతో ఉన్నారు. కూర తరుగుతూ ఆగిపోయేవారు. ఏం తప్పు చేశానండీ అని అడగడం, మీరేం చెయ్యలే సార్ అని నేననడం, దాంతో ఆయన ఇంకా దిగులుపడటం. నా ఓదార్పు అంత గొప్పగా ఉండేది.

గురువారం మాకిద్దరికీ మా మార్కులొచ్చాయి. టీచర్లకీ ఇక్కడ మార్కులుంటాయి. రెండు వారాల క్రితం మా మా బడుల అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌లు ఒక పీరియడంతా వెనక బెంచీలో కూర్చుని మా పాఠం చూసి, ఎనిమిది అంశాల్లో మార్కులు రాసుకుని వెళ్లారు. ఆ గురువారం సాయంత్రం కారెక్కిన మాస్టారి చేతిలో తెల్ల కవరు కనబడింది.

"ఎంతొచ్చింది సార్?" అన్నాను. మనవాళ్లలో ఎవరైనా ముందు అదే అడుగుతారు.

"బాగానే ఉందండీ" అంటూ కవరు కోటు లోపలి జేబులో పెట్టేసుకున్నారు.

అక్కడితో వదిలేస్తే నేను నేనెందుకవుతాను? "నాకైతే మంచిగనే ఇచ్చిండ్రు. మీకు?" అన్నాను. కిటికీలోంచి బయటికి చూశారు. సిగ్నల్ దగ్గర కారాగితే మూడోసారి అడిగాను.

"చెప్పనండీ!" అని అరిచారు.

రెండు నెలల్లో ఆయన గొంతు పెంచడం అదే మొదలు. ఆ అరుపుకి నాకంటే ఆయనే ఎక్కువ అదిరిపడ్డారు. ఇంటికెళ్లాక బియ్యం కడిగి కుక్కర్ పెట్టి, స్టవ్ వెలిగించకుండా అలాగే నిలబడిపోయారు.

"ప్రిన్సిపాల్ నాకా కవరు తలుపేసి ఇచ్చిందండీ" అన్నారు చివరికి. "గొంతు తగ్గించి మాట్లాడింది. అదే స్టాఫ్ మీటింగ్‌లో, అందరి ముందూ, పేరు పెట్టి చదివుంటే రేపు నేను ఆ బడికి వెళ్లగలిగేవాణ్ణి కాదు శ్యామ్‌గారూ."

పదో తరగతిలో మా హిందీ సార్ చదివి వినిపించిన నా మార్కు గుర్తొచ్చి సిగ్గేసింది. పద్నాలుగు. ఆ అంకె మా ఆవిడకి కూడా ఇప్పటిదాకా చెప్పలేదు. నేనే వెళ్లి స్టవ్ వెలిగించాను.

శుక్రవారం కౌన్సెలర్ గదిలో ఏం జరిగిందో ఆయన ఆ రోజు చెప్పలేదు. "సారీ చెప్పానండీ, ఉంటుందో మారుతుందో ఆ పిల్ల చెప్పకుండా వెళ్లింది" అని ఊరుకున్నారు. శని ఆదివారాలు ఆయన అన్నం సరిగా తినలేదు. చర్చిలో భోజనం దగ్గర కూడా కంచం ముందు పెట్టుకుని కూర్చున్నారు.

సోమవారం సాయంత్రం ఆయన కంటే ముందే వెళ్లి బడి ముందు కారాపుకుని కూర్చున్నాను. వచ్చి కూర్చుని, బెల్టు పెట్టుకోబోయి ఆగి, "వచ్చిందండీ" అన్నారు. "సెకండ్ పీరియడ్‌కి అందరితోపాటే వచ్చి తన చోట్లో కూర్చుంది." కళ్లద్దాలు తీసి టై కొసతో చాలాసేపు తుడిచారు.

"ఏం చెప్పిండ్రు సార్ ఆ పిల్లకు?"

అప్పుడు చెప్పారు. కౌన్సెలర్ ఒక మూల కూర్చుంది. మారిసోల్ స్వెటర్‌కున్న హుడ్ ముఖం మీదికి లాక్కుని కూర్చుంది, తలెత్తలేదు. మాస్టారు సారీ చెప్పారు. అయినా ఎత్తలేదు. అప్పుడాయన కోటు జేబులోంచి కవరు తీసి, కాగితం మడత విప్పి పిల్ల ముందు పెట్టారు. "నీ మార్కు నేను అందరికీ చెప్పేశాను. ఇది నా మార్కు. నీకొక్కదానికే చూపిస్తున్నాను" అన్నారు. పిల్ల వేలు పెట్టి ఎనిమిది గడులూ ఒక్కొక్కటిగా చదివింది. చదివాక ఆ కాగితాన్ని ఉన్న మడతల మీదే మళ్లీ మడిచి, కవర్లో పెట్టి, ఆయన చేతికిచ్చింది.

"నేనెవరికీ చెప్పను మిస్టర్" అందట.