గుప్తనిధి దొంగ ఎక్కిన మూడో కొండ

ఇరవై మూడేళ్ళ వయసులో తనకు మోకాళ్ళున్నాయన్న సంగతి మనిషికి తెలియదు. తొంభైల నాటి ఆ రోజుల్లో నేను మదనపల్లె నుంచి రోజూ బస్సులో పుంగనూరుకు వెళ్ళి, ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. దారిలో రోడ్డుకు కాస్త లోపలగా మూడు గుండ్ల కొండలు పక్కపక్కనే కనబడేవి. చెట్టూచేమా తక్కువ, అంతా బండే. కిటికీ పక్కన సీటు దొరికినప్పుడల్లా వాటిని కళ్ళతో ఎక్కి దిగేవాణ్ణి. అలా కళ్ళతో ఎక్కిన ధైర్యంతోనే ఒక శనివారం లోయర్ గ్రేడ్ పిల్లల ముందు నోరు జారాను. రేపు పొద్దు గూకేలోపల, ఒక్కణ్ణే, మూడు కొండలూ ఎక్కి దిగుతానన్నాను. ఒకమ్మాయి తలెత్తకుండానే, తాడు కూడా తీసుకుపొండి సార్ అంది. (అందులో ఎగతాళి ఉందని చాలా ఏళ్ళకు గానీ నాకు అర్థం కాలేదు. నేను నిజంగానే బావి చేదతాడు తీసుకెళ్ళాను.)

కొండలంటే పైన ఏదో ఒక దేవుడు ఉండకపోడని అమ్మ సంచిలో ఒక టెంకాయ, కర్పూరం పెట్టింది. దాహానికి నాలుగు నిమ్మకాయలు, మధ్యాహ్నానికి చిత్రాన్నం. వీటికి తోడు, దారి తప్పకుండా నేనే గీసుకున్న పటం ఒకటి. మూడు కొండలు, వాటి మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో మూడు ఇంటూ గుర్తులు.

మొదటి కొండ సులువుగానే లొంగింది. రెండో కొండ ఎక్కేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది, చెప్పులు రెండూ తెగాయి. అయినా గర్వంగానే దిగాను. కింద చెనక్కాయ చేలో, అదే వేరుశనగ చేలో, పదిమంది దాకా నా కోసం నిలబడి ఉన్నారు. సన్మానమేమో అనుకున్నాను. (ఆ వయసు అలాంటిది.) వాళ్ళలో తలపాగా చుట్టుకున్న పెద్దాయన నా సంచి అడిగి తీసుకుని, ఒక్కొక్కటే బయటపెట్టాడు. తాడు, టెంకాయ, కర్పూరం, నిమ్మకాయలు, పసుపు కలిపిన అన్నం. చివరికి ఆ పటం విప్పగానే అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నెల కిందటే ఎవరో ఆ కొండల మీద గుప్తనిధి కోసం గుంతలు తవ్విపోయారట. మళ్ళీ వస్తారని ఊరంతా కాచుకుని ఉంది.

"ఎవరప్పా నువ్వు? ఏం తవ్వేదానికొచ్చినావు?" అన్నాడు పెద్దాయన.

"తవ్వేదానికి కాదు పెద్దాయనా. ఊరికే ఎక్కేదానికి."

"ఊరికే యాల ఎక్కుతావు? మేకేమన్నా తప్పిపోయిందా?"

రెండు కొండలు అయ్యాయని, ఇంకొకటే మిగిలిందని వేళ్ళతో లెక్కపెట్టి చూపించాను. ఇద్దరు ముందు నాలుగు తగిలించి తర్వాత మాట్లాడదామన్నారు, ఇంకొకరు పోలీసుల దగ్గరికి పోదామన్నారు. అప్పుడే వెనకనుంచి ఒక అవ్వ వచ్చి, చిత్రాన్నం చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. అందరూ ఆమె నమిలేదాకా ఆగారు.

"దీంట్లో సెనక్కాయలు ఉండాయి, పోపు గూడా బాగుండాది. పూజకు పెట్టే అన్నంలో ఎవరన్నా ఇవి ఏస్తారా? ఇది వాళ్ళమ్మ కట్టిచ్చిన సద్ది. ఇడిసిపెట్టండి పిల్లోణ్ణి."

పెద్దాయనకు సగమే నమ్మకం కుదిరింది. ఊరికే ఎక్కేవాణ్ణయితే ఆ మూడోదాన్ని కూడా ఎక్కి చూపించమన్నాడు, తామంతా అక్కడే కూర్చుని చూస్తామన్నాడు. ఒంటరి సాహసమని చాటుకున్న నేను, ఊరంతా చూస్తుండగా తెగిన చెప్పులు చేతబట్టుకుని బయలుదేరాను.

సగం దూరం పోయాక నున్నటి బండ వచ్చింది. దాని మీద బల్లిలా అతుక్కుపోయాను. పైకి పోలేను, కిందికి రాలేను. తాడుంది గానీ సంచిలో, సంచి పెద్దాయన దగ్గర. అమ్మ గుర్తొచ్చింది. అప్పుడు కిందనుంచి అవ్వ గొంతు వినిపించింది.

"ఎడమకాలు రోంత కిందికి దించప్పా. ఆడ బొక్క ఉండాది. కట్టెలకు పోయేటప్పుడు నేను కాలు పెట్టేది దాంట్లోనే."

దించాను. ఉంది. అరవై దాటిన ఆమె, కట్టెలమోపుతో దిగే దారి అది! అక్కడినుంచి ఒక్కో అడుగూ ఆమె చెబుతూనే ఉంది, నేను వేస్తూనే ఉన్నాను. శిఖరం చేరేసరికి, మానవుడు కాలు మోపలేదనుకున్న ఆ చోట మేక పెంటికలు, ఎవరో తాగిపడేసిన బీడీ ముక్క కనిపించాయి. అయినా చేతులెత్తాను. కింద ఎవరో ఈల వేశారు.

దిగివచ్చేసరికి చిత్రాన్నం గిన్నె ఖాళీ. సాక్ష్యాన్ని నలుగురూ పరీక్షించారట. బదులుగా అవ్వ సంగటి ముద్ద పెట్టి, పక్కన ఊరిబిండి పచ్చడి వేసింది. బస్సెక్కించడానికి పెద్దాయనే రోడ్డుదాకా వచ్చాడు. (పటం మాత్రం తిరిగివ్వలేదు. నేనూ అడగలేదు.)

సోమవారం పిల్లలకు ఒక్కణ్ణే ఎక్కానని చెప్పాను. అలాగే ఎన్నో ఏళ్ళు చెప్పుకుంటూ వచ్చాను.

మొన్న అటువైపు కారులో పోతూ ఆగాను. అవ్వ ఇప్పుడు బతికి ఉండదని లెక్క చెబుతూనే ఉంది, అయినా ఊళ్ళోకి పోయి అడగలేకపోయాను. మూడో కొండ వైపు చాలాసేపు చూశాను. ఆ నున్నటి బండ మీద తెగిన చెప్పులతో ఆ పిల్లవాడు ఇంకా అతుక్కునే ఉన్నట్టనిపించింది. భయపడుతూ, బడాయి పోతూ. వాణ్ణి కిందికి దింపబుద్ధి కాలేదు.