గెడ్డకు కట్టిన అడ్డాకుల తోరణం

డుంబ్రిగుడ సంతకు పోయే దారికి దిగువన, కొండల మీంచి పారే గెడ్డ మలుపు తిరిగేచోట ఒక మడుగు ఉంది. తొలకరికి నీళ్ళు పెరగగానే కింది లోయలోని చేపలు ఎదురెక్కి ఆ మడుగులోకి వచ్చి, గులకరాళ్ళ మీద గుడ్లు పెట్టేవి. అవి వచ్చిన రోజునే మడుగుకు అడ్డంగా వెదురు కట్టి, దానికి అడ్డాకుల తోరణం వేలాడదీసేవారు. తోరణం ఉన్నంతకాలం ఊళ్ళో ఎవరూ వల వెయ్యరు, బుట్ట పెట్టరు. గుడ్లు పగిలి పిల్లలు ఈదడం కళ్ళారా చూశాకే దాన్ని విప్పాలి. కట్టిన చెయ్యే విప్పాలి. ఆ తరువాత కొర్రకొత్త పండగకు ఇంటింటా కొత్త కొర్రన్నం, మడుగు చేప.

ఆ కట్టే చెయ్యి చిట్టెమ్మది. తొంభై ఒకటిలో కనక ఆమె కోడలై వచ్చింది. వచ్చిన ఏడే అత్త ఆమెను మడుగులోకి దింపి, గుడ్లంటిన రాయి ఒకటి ఎత్తి చూపించింది.

“సూడే గుంటా. ఉడికిన సగ్గుబియ్యంలాగుండాల. నడిమిన నల్ల సుక్క ఉందా? అది కన్ను. నిన్నే సూత్తంది.”

కనక బెదిరి రాయిని మెల్లగా నీళ్ళలోకి దించింది. అత్త పకపకా నవ్వింది.

చిట్టెమ్మ పోయాక తోరణం కనక చేతికి వచ్చింది. తొంభైలు ముగిసేసరికి గెడ్డ ఒడ్డున చెట్లు పోయాయి. అల్లం వేయడానికి వాటిని కొట్టినవాళ్ళు పరాయివాళ్ళు కారు. కనక మొగుడు సుక్రు కూడా కొట్టాడు, కొమ్మలు కనకే మోసింది. అప్పటినుంచి మడుగు మీద ఎండ పడసాగింది. మిట్టమధ్యాహ్నం కూడా కాలు పెడితే జివ్వుమనే నీళ్ళు మెత్తబడ్డాయి. బట్టలుతికే ఆడవాళ్ళకు అది హాయిగానే ఉండేది.

రెండువేల రెండులో తొలివానకు చేపలు వచ్చాయి. కనక తోరణం కట్టింది. ఆ తరువాత వాన మొహం చాటేసింది. నీళ్ళు తీసేకొద్దీ గుడ్లున్న రాళ్ళు ఒడ్డున తేలుతుంటే కనక ప్రాణం ఊరుకోలేదు. మడుగు దిగువన రాళ్ళు పేర్చి, గడ్డీ బంకమన్నూ కూరి గోడ కట్టింది.

“ఏటే, సేపలకి ఇల్లు కడతన్నావా? మనింటి గోడ పడిపోనాది, ముందది కట్టు,” అన్నాడు సుక్రు.

కనక నవ్వింది. నీళ్ళు నిలిచాయి. రాళ్ళన్నీ మళ్ళీ మునిగాయి. ఆ రాత్రి ఆమెకు కంటినిండా నిద్ర పట్టింది.

కొద్దిరోజుల తరువాత వెళ్ళి రాయి ఎత్తి చూస్తే గుడ్లు మెతుకుల్లా తెల్లగా ఉన్నాయి. కొన్నిటికి దూదిలా బూజు పట్టింది. ఇంకో రాయి ఎత్తింది. మరో రాయి. దేనిలోనూ కన్ను లేదు. అప్పుడు తెలిసింది, తన మోకాళ్ళ చుట్టూ నీళ్ళు బాలింతకు తొరిపిన నీళ్ళలా వెచ్చగా ఉన్నాయని. ఎగువన రాతి కింద నుంచి వచ్చే సన్నటి ధార మాత్రం ఇంకా చల్లగానే ఉంది. దాన్ని పారనిస్తే కొన్నైనా బతికేవేమో. తను ఆపి, ఎండకు కాగబెట్టింది.

రెండు చేతులతో గోడ పడదోసింది. మిగిలిన తల్లిచేపలు నాలుగు అటూ ఇటూ తచ్చాడి ధార దగ్గరకు చేరాయి.

కొర్రకొత్త దగ్గరపడింది. మరిది ఫల్గుణ వల భుజాన వేసుకుని, వెనక ఆడవాళ్ళతో మడుగు దగ్గరకు వచ్చాడు.

“వదినా, పండగొచ్చీసింది. బేగి తోరణం ఇప్పు.”

“పిల్లలు అవుపడనేదు.”

“పాడేరు ఆస్పత్రికెల్లి కళ్ళద్దాలెట్టించుకో, అవుపడతాయి!”

ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. ఫల్గుణ గొంతు తగ్గించాడు. “అవుపడినాయని సెప్పీ వదినా. నీ నోటి మాటే గదా మాకు.”

ఒక్క మాట. అనేస్తే పండగ జరిగిపోతుంది. ధార కింద బితుకుబితుకుమంటున్న ఆ నాలుగు చేపలూ వలలో పడతాయి. కనక తల వంచుకుంది.

“అవుపడనేదు. ఇంక అవుపడవు. నానే గోడ కట్టీసినాను. నీల్లు కాగి గుడ్లన్నీ సచ్చిపోనాయి.”

ఎవరూ నవ్వలేదు. ఫల్గుణ ఎండలో మెరుస్తున్న అల్లం మడుల వైపు చూసి, వల చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ ఏడు ఊరంతా సంతలో అమ్మే ఐసు చేపలతో కొత్త తిన్నారు. కనక ఉత్త కొర్రన్నం తింది.

మరుసటేడు చేపలు రాకపోలేదు. గుడ్ల బరువుకు వాటి పొట్టలు వేలాడుతున్నాయి. కానీ ఆ వెచ్చటి నీళ్ళలో గుడ్లు పెట్టకుండానే కిందికి దిగిపోయాయి. ఆ పైయేడు అవీ రాలేదు.

తొలివాన పడ్డాక కనక మాత్రం అడ్డాకులు కుట్టి తీసుకువెళ్ళింది. సుక్రు వెంట వచ్చాడు.

“ఒక్కటీ రానేదు గదే. ఎవులికి కడతన్నావు?”

“పాతది ఇప్పనేదు గదా,” అంది కనక. “ఆకులెండిపోనాయి, మారుత్తన్నాను.”

సుక్రు వెదురు ఒక కొస పట్టుకున్నాడు. కట్టడం అయ్యాక కనక ఒంగి నీళ్ళలో చెయ్యి పెట్టింది. గోరువెచ్చగా ఉన్నాయి. సుక్రు ఇంటికి పిలుస్తున్నా ఆ చెయ్యి తియ్యలేదు.