నంబరు లేని ఎల్‌సీ

పదకొండేళ్ల కిందట, ఎండలు ముదురుతున్న రోజుల్లో, నేను కడప జిల్లాలో జమ్మలమడుగుకు అవతల ఒక చిన్న సబ్‌స్టేషన్ కింద లైన్‌మన్‌గా పనిచేస్తున్నాను. ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు ఇప్పటికీ నన్ను పెళ్ళిళ్ళకు పిలుస్తారు, ఆ మర్యాద పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. కరెంటు శాఖలో మా వరుస ఇలా ఉంటుంది: అడుగున అసిస్టెంట్ లైన్‌మన్, ఆపైన లైన్‌మన్, ఆపైన లైన్ ఇన్‌స్పెక్టర్, ఇంకా పైన ఏఈ, ఏడీఈ, డీఈ అనే ఇంజనీర్లు. స్తంభం ఎక్కేది అడుగున ఉన్న ఇద్దరే. నాకప్పటికి ఇరవై రెండేళ్ల సర్వీసు. లైన్ ఇన్‌స్పెక్టర్ ప్రమోషన్ జాబితాలో నా పేరు రెండోది.

మా తాత కాలం నుంచీ మాది క్రైస్తవ కుటుంబం. సంఘంలో నేను పెద్దను, పేరు దేవదానం. దేవదానం ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీద సంగటి మాడుతుందని మా ఆవిడ శాంతమ్మ నలుగురిలో అనేది, నలుగురూ ఒప్పుకునేవారు. భక్తి ఉంది గానీ నోరు మాత్రం మంచిది కాదు. కింద పనిచేసేవాళ్ళ మీద గయ్యిమనేవాణ్ణి, ఆదివారం మందిరంలో ఓర్పు గురించి మాట్లాడేవాణ్ణి. ఈ రెండింటికీ మధ్య దూరం ఎంతో నేనెప్పుడూ కొలవలేదు.

గుడ్ ఫ్రైడే నాడు మా మందిరంలో పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన జరుగుతుంది. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురు ఒక్కొక్కటిగా వివరిస్తారు. ఆ సంవత్సరం మొదటి మాట నాకిచ్చారు, తనను సిలువకు కొట్టినవాళ్ళను క్షమించమని తండ్రిని వేడుకున్న మాట. నెల రోజులు కూర్చుని పద్నాలుగు పేజీలు రాసుకున్నాను. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను. ఇంత అట్టహాసం క్షమాపణకు అక్కర్లేదని అప్పుడు తోచలేదు.

ఆ శుక్రవారం పొద్దున పదిన్నరకు ఓబుళరెడ్డి అనే రైతు ఫోన్ చేశాడు. "దేవదానమన్నా, మోటార్లు నిలిచిపోయినాయి. చీనీ చెట్లు వాడిపోతాండాయి, రవ్వంత చూడు" అన్నాడు. పోయి చూస్తే ఆయన బత్తాయి తోట పక్క స్తంభం మీద జంపర్ తెగి ఉంది. రెండు వైపుల లైన్లను కలిపే తీగ ముక్కను జంపర్ అంటాం. పావుగంట పని.

ఇక్కడ మా పద్ధతి కొంచెం చెప్పాలి. సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకు పోయే ఒక్కో లైనును ఫీడర్ అంటారు. ఫీడర్ మీద పని ఉంటే లైన్‌మన్ సబ్‌స్టేషన్‌లోని షిఫ్ట్ ఆపరేటర్‌ను ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, అడగాలి. ఆపరేటర్ కరెంటు ఆపి, పుస్తకంలో రాసి, ఒక నంబరు చెబుతాడు. పని ముగిశాక లైన్‌మన్ అదే నంబరు చెప్పి ఎల్‌సీ తిరిగి ఇస్తేనే మళ్ళీ కరెంటు వదలాలి. ఒకే ఫీడర్ మీద ఇద్దరు పని చేస్తుంటే ఇద్దరి నంబర్లూ తిరిగి రావాలి. ఇది చాలదన్నట్టు, స్తంభం ఎక్కేవాడు ముందుగా ఎర్త్ రాడ్లు తగిలించాలి. అవి పొడుగు కర్రల చివర ఉండే కొక్కేలు, వాటి తీగ భూమిలోకి దిగేసిన కడ్డీకి కట్టి ఉంటుంది. పొరపాటున ఎవరైనా కరెంటు వదిలినా అది భూమిలోకి పోతుంది, మనిషి బతుకుతాడు. ఇద్దరు లేకుండా పని మొదలుపెట్టకూడదని కూడా నియమం. ఆ రోజు నా అసిస్టెంటు జ్వరంతో సెలవులో ఉన్నాడు.

డ్యూటీలో మద్దిలేటి ఉన్నాడు. కర్నూలు వైపు మనిషి, ముప్పై దాటినవాడు, కాంట్రాక్టు మీద పనిచేసే ఆపరేటర్. లైన్ తీయమన్నాను. "తీసే ఉండాదన్నా, నంబరు రాసుకో" అన్నాడు. నాకు గడియారం పదకొండు చూపిస్తోంది. "నంబరెందుకప్పా, నా గొంతే నంబరు. పది నిమిషాల్లో దిగుతాండా" అని ఫోన్ పెట్టేశాను. ఎర్త్ రాడ్లు బండికి కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. విప్పలేదు.

అదే ఫీడర్ మీద అవతలి ఊళ్ళో ఇంకో లైన్‌మన్ అంతకుముందే పద్ధతిగా ఎల్‌సీ తీసుకుని ఉన్నాడు. ఆయన పని ముగించి నంబరు తిరిగి ఇచ్చాడు. మద్దిలేటి పుస్తకం చూశాడు. అందులో ఉన్నది ఆ ఒక్క నంబరే, అది తిరిగి వచ్చేసింది. కరెంటు వదిలాడు.

తర్వాత ఏం జరిగిందో ఓబుళరెడ్డి చెబితేనే తెలిసింది. నేను బెల్టుకు వేలాడుతుంటే ఆయనా ఇద్దరు కూలీలూ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి, కరెంటు పోయిందని రూఢి చేసుకున్నాకే నన్ను దించారట. ఆ తెలివి నాకుండి ఉంటే ఈ కథ రాసే పని ఉండేది కాదు. కడప పెద్దాసుపత్రిలో ఎడమచేతి రెండు వేళ్ళు తీసేశారు. అరచేయి, కుడి పాదం కాలాయి. నలభై రోజులు మంచం మీద ఉన్నాను.

మూడోరోజు మా పాస్టరయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. నాకిచ్చిన మొదటి మాట మందిరంలో ఎవరు చెప్పారని అడిగాను. "సమూయేలు చెప్పినాడు. ఏడు నిమిషాల్లో ముగించినాడు. సంఘమంతా శానా సంతోషపడినాది" అన్నారు. నవ్వితే చేయి నొప్పి పుట్టింది, అయినా నవ్వాను.

ఆ ఒక్క నవ్వు తప్పితే మొదటి నెల నేను పరమ దుర్మార్గంగా ఉన్నాను. కట్టు మార్చే నర్సమ్మను కసిరాను. దేవుణ్ణి కసిరాను, నా మందిరానికి నేను పోతుంటే నాకే ఇట్ల చేస్తావా అని. అందరికన్నా ఎక్కువ మద్దిలేటిని తిట్టాను. ఎంక్వయిరీ తేలేదాకా డ్యూటీకి రావద్దని అతన్ని ఇంటికి పంపారు. రోజు విడిచి రోజు బస్సెక్కి ఆస్పత్రికి వచ్చేవాడు. వాళ్ళావిడ చేసిన జొన్నరొట్టెలు, ఊరిమిండి పచ్చడి గుడ్డలో కట్టి తెచ్చేవాడు. వార్డు తలుపు దగ్గర నిలబడేవాడు. నేను గోడవైపు తిరిగేవాణ్ణి. శాంతమ్మ పోయి మూట తీసుకునేది, నా ఎదురుగానే తినేది. నాకు ఒళ్ళు మండి, సిగ్గులేదా నీకు అంటే, "తప్పు చేసుంటే మద్దిలేటి చేసినాడు. రొట్టె ఏం పాపం చేసినాది?" అని ఇంకో ముక్క తుంచింది.

నెల దాటాక మా యూనియన్ నాయకుడొకాయన వచ్చాడు. మంచివాడు, నా కోసమే వచ్చాడు. డీఈగారు స్వయంగా వాంగ్మూలం తీసుకుంటారని, ఏం చెప్పాలో ముందే అనుకోమని అన్నాడు. "రాడ్లు తగిలించేదానికి పోతాంటే లైను చార్జి అయినాదని చెప్పు. చూసినోడెవడు? ఓబుళరెడ్డితో మాట్లాడినా, రాడ్లు స్తంభం కిందనే పడిండాయని ఆయప్ప చెప్తాడు. నీ మీద మరక ఉండదు, ప్రమోషన్ నిలబడుతాది" అన్నాడు. మద్దిలేటి సంగతేమిటని అడిగాను. కాంట్రాక్టు మనిషే కదా అన్నాడు ఆయన. పర్మనెంటు ఉద్యోగి తప్పు చేస్తే మెమో వస్తుంది, ఇంక్రిమెంటు ఆగుతుంది. కాంట్రాక్టు మనిషికి ఒక్క కాగితంతో పనే పోతుంది. పైగా మద్దిలేటి, ఎల్‌సీ ఇచ్చిన సంగతి మరిచిపోయానని, తప్పు తనదేనని అప్పటికే రాసిచ్చాడట. నేను నంబరు వద్దన్న మాట అందులో లేదట.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. వాంగ్మూలానికి రెండు రోజుల ముందు మద్దిలేటి వస్తే లోపలికి పిలిచాను. నంబరు సంగతి ఎందుకు రాయలేదని గట్టిగానే అడిగాను, అప్పటికీ నా గొంతు తగ్గలేదు.

అతను మంచం అంచున కూర్చుని, కట్టు కట్టిన నా చేతిని చూస్తూ చెప్పాడు. "నా చేతులతో కరెంటు వదిలితే నీ వేళ్ళు పోయినాయన్నా. ఇంగ నీ పేరు గూడా తీసేదేంది. నేను మరిచిపోయింది నిజమే కదా. నా తప్పు నేను రాసినా. నీది నువ్వు చూసుకుంటావులే."

బెదిరింపు లేదు, ఎత్తిపొడుపు లేదు. మద్దిలేటి మందిరం గడప తొక్కినవాడు కాదు, శనివారం వస్తే వాళ్ళ స్వామికి కొబ్బరికాయ కొట్టేవాడు. నేను పద్నాలుగు పేజీల్లో రాసింది అతను నాలుగు మాటల్లో చేసి చూపించాడు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. శాంతమ్మ మా ఇద్దరి ముందూ చెరో రొట్టె పెట్టి, "చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నా పర్వాలేదు, పట్టుకోండి" అంది.

డీఈగారు టైపిస్టును వెంటబెట్టుకుని వార్డుకే వచ్చారు. ఎంక్వయిరీ పద్ధతి ప్రకారం ప్రశ్న అడుగుతారు, మనం చెప్పింది టైపు చేస్తారు, చదివి వినిపించి సంతకం తీసుకుంటారు. ఎల్‌సీ నంబరు ఎంత అని అడిగారు. ఆపరేటర్ ఇవ్వబోయాడని, నేనే వద్దన్నానని చెప్పాను. ఎర్త్ రాడ్లు తగిలించారా అని అడిగారు. లేదని, బండి మీదే ఉన్నాయని, ఓబుళరెడ్డి వేరేగా చెబితే అది నా మీది అభిమానమే తప్ప నిజం కాదని చెప్పాను. ఒంటరిగా ఎందుకు ఎక్కారని అడిగారు. మందిరంలో మాట్లాడే తొందరలో అని చెప్పాను. టైపిస్టు ఆగి నా ముఖం చూశాడు. డీఈగారు కళ్ళద్దాలు తీసి, ఈ కాగితం వల్ల మీకు జరిగే నష్టం తెలుసా అన్నారు. తెలుసన్నాను. తెలియడమే కాదు, భయంగా కూడా ఉంది. కాలని కుడిచేత్తో సంతకం పెట్టాను.

నాకు మెమో వచ్చింది. ప్రమోషన్ మూడేళ్లు ఆగింది. మద్దిలేటికి హెచ్చరిక కాగితం ఇచ్చి, నెలలోపే మళ్ళీ డ్యూటీలోకి తీసుకున్నారు. అబద్ధం తప్పిపోయినందుకు ఓబుళరెడ్డి గంపెడు చీనీకాయలు పంపాడు. స్తంభం ఎక్కడానికి పనికిరానని నన్ను కొత్త లైన్‌మన్లకు పద్ధతులు నేర్పే పనిలో పెట్టారు. ఆ పని నాకు బాగా కుదిరింది. మూడు వేళ్ళ చేయి ఎత్తి చూపిస్తే వెనక బెంచీవాడు కూడా నిద్రపోడు. కసురుకోవడం పూర్తిగా పోలేదు గానీ, కసిరిన సాయంత్రమే పోయి మాట్లాడే అలవాటు వచ్చింది. పోయినేడు కాక ముందటేడు లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను.

బాధ మనిషిని మంచివాణ్ణి చేస్తుందని మందిరంలో నేను చాలాసార్లు చెప్పాను. నన్ను చేయలేదు. మంచం మీద మొదటి నెల నేను మునుపటికన్నా చెడ్డవాణ్ణి. దెబ్బతిన్నవాడి మాటను లోకం ఎదురు ప్రశ్న లేకుండా నమ్ముతుంది, కాబట్టి అబద్ధమాడడానికి అంతకన్నా అనువైన సమయం ఉండదు. ఆ అనువు చేతిలో ఉండి కూడా దాన్ని వాడుకోని పూట నుంచి నాలో ఏదో కొంచెం మారింది. గాయానికి దానంతట అది నేర్పే శక్తి లేదు. గాయం చూపించి ఇంకొకడి మీద ఎంత మోపవచ్చో తెలిసీ, మన వంతు మనం ఎత్తుకోవాలి.