పాత పేపర్ల తక్కెడలో మా పాప

ఇప్పటి తండ్రులు బిడ్డ ఆవలిస్తే చాలు, ఫోను తీసి కారణం వెతుకుతారు. రెండువేలు దాటిన ఆ తొలి ఏళ్లలో, పుదుచ్చేరిలో, నాలాంటి కొత్త తండ్రికి ఇంట్లో పెద్దవాళ్లూ ఆఫీసులో పక్క కుర్చీవాళ్లూనే దిక్కు. (నా పక్క కుర్చీ ఆయనకు పెళ్లే కాలేదు. అయినా సలహాలకు లోటు చేయలేదు.) నేను కరెంటు ఆఫీసులో గుమాస్తాని, ఏదైనా కొలిస్తే గానీ నమ్మని వయసులో ఉన్నాను. ఒర్లియంపేటలో మా ఇంట్లో నేనూ, మా ఆవిడా, నన్ను పెంచిన పెద్దమ్మా, రెండున్నర నెలల మా పాపా ఉండేవాళ్లం.

మొదటి నెలంతా పాలు తాగిన ప్రతిసారీ గుడ్డలు పాడుచేసిన ఆ పిల్ల, రెండో నెల దాటాక ఉన్నట్టుండి దుకాణం కట్టేసింది. పాలు తాగుతుంది, ఉచ్చ పోస్తుంది, నవ్వుతుంది, అసలు పని మాత్రం చేయదు. అయిదు రోజులు గడిచాయి. నాకు అన్నం దిగడం మానేసింది. మధ్యాహ్నం ఆఫీసు నుంచి పక్కింటికి ఫోన్ చేస్తే, ఆ ఇంటావిడ మా గుమ్మం దాకా వెళ్లి కనుక్కొని, ఇంకా లేదని వీధి వీధంతా వినేలా చెప్పేది.

తల్లిపాలు పలచనయ్యాయనీ, చాలడం లేదనీ, తాగినవి కూడా అరగడం లేదనీ పెద్దమ్మ తేల్చేసింది. ఒక చేత విరేచనం కోసం పెట్టే, ఆముదంలో ముంచిన తమలపాకు కాడ, ఇంకో చేత పాలపొడి డబ్బా పట్టుకుని నిలబడింది. మా ఆవిడ రెండింటినీ దగ్గరికి రానివ్వలేదు. పాపను గుండెకు హత్తుకుని కూర్చుంది, కళ్లు ఎర్రబడ్డాయి. తన పాలే బిడ్డకు కీడు చేస్తున్నాయంటే ఏ తల్లి తట్టుకుంటుంది? అది అప్పుడు నా బుర్రకు ఎక్కలేదు.

బరువు చూస్తే తగువు తేలిపోతుంది కదా అనుకున్నాను. కిందటి నెల టీకా వేసిన రోజు ఆస్పత్రిలో నాలుగుంపావు కిలోలు తూగింది. మళ్లీ తూచే రోజుకు ఇంకా వారం ఉంది. అంత ఓపిక నాకెక్కడిది? ఆరో రోజు పొద్దున మా ఆవిడ తలంటుకోవడానికి వెళ్లిన సమయం చూసి, పాపను తువ్వాల్లో చుట్టుకుని, పెద్దమ్మను వెంటేసుకుని, మేం పాత పేపర్లు అమ్మే కోసపాళయం కొట్టుకు పోయాను. కొట్టాయన తక్కెడ వైపు చూసి నసిగాడు. "బిడ్డకు ఇది వద్దన్నా," అన్నాడు. (పసిపిల్లలంటే ఎంత భక్తో అనుకున్నాను.) బలవంతం చేస్తే తూచాడు. సరిగ్గా నాలుగు కిలోలు. టీకా నాటికన్నా పావుకిలో తక్కువ. పెద్దమ్మ పేపర్ల కట్ట మీద కూలబడింది.

ఇంటికొచ్చి చెప్పగానే మా ఆవిడ ముఖం పాలిపోయింది. "నా పాలు నిజంగానే చాల్లేదా?" అంది. అన్నాళ్లూ పట్టిన పట్టు ఆ ఒక్క మాటతో సడలిపోయింది. పెద్దమ్మ నీళ్లు కాచడానికి లేచింది. సీసా పట్టే ముందు ఒక్కసారి ఆస్పత్రిలో చూపిద్దామని మాత్రం మా ఆవిడ బతిమాలింది.

అక్కడి నర్సమ్మది పక్కనే ఉన్న విల్లియనూరు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా మాటలు విని తనూ తమిళం వదిలి తెలుగులోకి దిగింది. పాపను తూస్తే అయిదు కిలోల పైనే ఉంది. రెండోసారి తూచినా అంతే. తగ్గిందన్నారే, యాడ తూచినారు అని అడిగింది. చెప్పాను. ఆమె నెత్తి కొట్టుకుంది.

"అది పాత పేపర్లు కొనేవాడి తక్కెడ గదన్నా. ఎక్కువ చూపిస్తే వాడికేం మిగులుతాది?"

(ఇన్నేళ్లూ నేను అక్కడ అమ్మిన పేపర్లు ఆ క్షణంలో కూడా గుర్తొచ్చాయి. ఏం మనిషినో.) తల్లిపాలు తాగే పిల్లలు ఈ వయసులో కొందరు వారం దాకా పోకపోయినా భయం లేదనీ, పొట్ట మెత్తగా ఉండి, ఉచ్చ బాగా పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు ఒంటబడుతున్నట్టేననీ, కాడా డబ్బా రెండూ వద్దనీ ఆమె చెప్పింది. ఆ మాటలు పూర్తికాకముందే పాప ఆరు రోజులదీ కలిపి నా తెల్లచొక్కా మీద కానిచ్చేసింది. పచ్చగా, మెత్తగా, ఏ ఇబ్బందీ లేకుండా. పెద్దమ్మ నా చొక్కాకు దణ్ణం పెట్టుకుంది.

దారంతా మా ఆవిడ పాపను తనే ఎత్తుకుంది. ఇంటికొచ్చాక చొక్కా బకెట్లో నానేసి, తల ఎత్తకుండానే అంది.

"పొద్దస్తమానం ఎత్తుకునేది నేను. బిడ్డ బరువెక్కిందని నా చేతులకు తెలుసు. మీరొచ్చి ఆ మాట చెప్పేటప్పటికి నా చేతుల్నే నేను నమ్మలేదు."

అప్పటి నన్ను, ఆ కుర్రవాణ్ణి, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, నవ్వు ఆగాక కాస్త సిగ్గూ వేస్తుంది. బిడ్డ బరువు కోసం ఊరంతా తిరిగాడే గానీ, ఇంట్లో ఆవిడను ఒక్క మాట అడగాలని వాడికి తోచలేదు.