రెట్టింపు చెప్పిన దిగులు

తెలివైనవాళ్లు కూడా చేయలేని పని ఒకటి ఇరవయ్యో ఏట నేను చేశాను. నా దగ్గర లేని సరుకుని, రెట్టింపు ధర చెప్పి, బేరమంటే ఏమిటో తెలియని ఒక టీచరమ్మగారికి అమ్మడానికి వెళ్లాను. ఆ సరుకు పేరు దిగులు. మూడు తరాల మా కిరాణా కొట్టు చరిత్రలో అంత ధైర్యమైన బేరం ఎవరూ చేయలేదని ఇప్పటికీ కాస్త గర్వంగానే ఉంటుంది. ఎలా ముగిసిందో మాత్రం మెల్లగా చెబుతాను.

ఎనభైల్లో మా పిడుగురాళ్లలో సున్నపు బట్టీల దుమ్ము పడి పాతికేళ్లవాడి తల కూడా నెరిసినట్టుండేది. ఎవరు పెద్దో ఎవరు చిన్నో పోల్చుకోలేక, ఎందుకైనా మంచిదని అందర్నీ ‘అండీ’ అనేవాళ్లం. ఆ రోజుల్లో మా బజార్లో చెప్పిన ధరకి కొన్నవాణ్ణి, ఒంట్లో బాగోలేదేమోనని జాలిగా చూసేవారు. నాన్న పది అన్నాడంటే అయిదని అర్థం. కొనేవాడు మూడు అన్నా అయిదనే అర్థం. ఇద్దరూ కాసేపు అరుచుకుని, ఒకరి మీద ఒకరు ఒట్లు పెట్టుకుని, చివరికి అయిదు దగ్గర కలుసుకునేవాళ్లు. అది అబద్ధం కాదు, పద్ధతి. లోకమంతా ఇలాగే నడుస్తుందని నేను నమ్మాను. నా తప్పల్లా అదే.

ఆ ఏడు మిషన్ కాంపౌండులో ఒక ట్రస్టు వెలిసింది. పై దేశాల్లో ఎవరో పుణ్యాత్ములు డబ్బు పంపుతారట. దాన్ని మూడు రకాల కుర్రవాళ్లకి ఇస్తారట: అవిటితనం ఉన్నవాళ్లకి, పని కోసం దూరాల నుంచి వలస వచ్చిన కుటుంబాలవాళ్లకి, మనసు బాగోలేనివాళ్లకి. ఒరిస్సా నుంచి బట్టీ పనికి వచ్చిన కుటుంబంలో నా ఈడువాడు ఒకడుండేవాడు. పోలియోతో ఎడమకాలు చచ్చుబడింది. ఊరంతా వాణ్ణి ‘ఒరిస్సా’ అనే పిలిచేది. వాడొక్కడే మొదటి రెండు రకాల్లోనూ సరిపోయాడు. నాకు చూస్తే రెండు కాళ్లూ ఉన్నాయి, పుట్టిన ఊరూ ఉంది. (ఇంతకన్నా అన్యాయం ఎక్కడైనా ఉంటుందా అని నేను నిజంగానే అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతోంది, అయినా రాస్తున్నాను.)

ట్రస్టువాళ్లు వాడికి చేతులతో తిప్పే మూడు చక్రాల బండి ఇచ్చారు. ఎర్ర రంగు, నున్నటి సీటు, వెనక సామాన్లకి పెట్టె, ముందు గంట. ఆ గంట మోత ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బండితోబాటు సరుకుకి మొదటి విడత డబ్బిచ్చి, సరిగ్గా మా కొట్టుకి ఎదురుగా బడ్డీకొట్టు పెట్టించారు. సాయంత్రం బట్టీలు దిగిన కూలీలు, వాళ్ల భాష మాట్లాడేవాడు దొరికాడని మా కొట్టు దాటి అటు వెళ్లిపోయేవారు. అదైనా ఓర్చుకున్నాను గానీ, నాన్న వాణ్ణి ‘బాబూ’ అని పిలవడం ఓర్చుకోలేకపోయాను.

“బాబూ, టీ తాగావా?” అని రోడ్డుకి అడ్డంగా కేకేసేవాడు. ఆ కేక చల్లారకముందే ఇటు తిరిగి, “ఒరేయ్ వెధవా, ఆ కుర్రాణ్ణి చూడు, ఎంత పొద్దున్నే తీశాడో! నీకింకా కళ్ల పుసులు పోలేదు!” అనేవాడు. అమ్మ వాడికి గోంగూర పచ్చడి పంపేది, నా చేతే.

మూడో రకం ఇంకా ఖాళీగా ఉందని తెలిసిన రోజున దరఖాస్తు పట్టుకుని వెళ్లాను. అక్కడ కాగితాలు నింపేది రిటైరైన ఒక టీచరమ్మగారు. తెల్ల చీర, లావు కళ్లద్దాలు.

“నిద్ర పడుతోందా బాబూ?”

“లేదండి. ఏడాదైంది.”

(ఆరు నెలలకి ఖాయం చేద్దామని నా ఉద్దేశం. ఆవిడ “ఏడాదేమిటయ్యా, మరీనూ” అంటుందని ఎదురుచూశాను.) ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఏడాది అని రాసుకుంది.

బేరమాడని మనిషిని నేను చూడటం అదే మొదటిసారి. “అన్నం?” అంది. “ఒక్క పూటేనండి,” అన్నాను, బయల్దేరేముందు తిన్న పెసరట్లు గొంతులోకి వస్తుండగా. అదీ రాసుకుంది. రెండు వేలు కావాలన్నాను, వెయ్యికి దిగుదామని. అదీ రాసుకుంది. చివరికి కలం కింద పెట్టి, “ఇదంతా ఎవరితోనైనా చెప్పుకున్నావా?” అని అడిగింది. ఆ ప్రశ్నకి నా దగ్గర ధర సిద్ధంగా లేదు. “చెప్పుకోడానికి ఎవరూ లేరండి,” అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. ఆ రోజు మొత్తంలో రెట్టింపు చెయ్యకుండా చెప్పిన మాట అదొక్కటే.

వారం తర్వాత పిలిచారు. మనసు బాగోలేనివాళ్లకి వాళ్లు డబ్బివ్వరట. తోడునిస్తారట. రోజూ సాయంత్రం రెండు గంటలు ఒక మనిషి వచ్చి నాతో కూర్చుంటాడు, సంగతి ఇంట్లో తెలియనక్కర్లేదు అంది టీచరమ్మగారు. ఎవరా అని చూస్తే, కాంపౌండు గేటు దగ్గర గంట మోగింది.

“నువ్వేం భయపడకన్నా. నేనున్నాగా,” అన్నాడు ఒరిస్సా.

ఆ విధంగా నెలరోజులు, బేరాలు బాగా సాగే సాయంత్రం వేళ, వాడు కొట్టు మూసి నా కోసం వచ్చాడు. కూలీలు తిరిగి మా కొట్టుకి రావడం మొదలుపెట్టారు. నాన్న గల్లాపెట్టె ముందు కూనిరాగం తీస్తుంటే, నేను కాంపౌండు గోడ పక్కన లేని దిగులు మోస్తూ కూర్చునేవాణ్ణి. వాడే మాట్లాడేవాడు. ఊరికి కొత్తగా వచ్చినప్పుడు భాష రాక, ఏడాదిపాటు ఊళ్లోవాళ్లెవరితోనూ మాట్లాడలేదట. మా కొట్టు అరుగు మీద కూర్చుని నాన్న బేరాలు వింటూ తెలుగు నేర్చుకున్నాడట. వాడికి మొదట వచ్చిన తెలుగు మాట ‘గిట్టదు’ అట.

“నువ్వు అదృష్టవంతుడివన్నా,” అన్నాడొకరోజు. “మీ నాన్న నిన్ను అందరి ముందూ తిడతాడు. నన్ను మాత్రం బాబూ అంటాడు. చుట్టాన్ని అన్నట్టు. ఎన్నేళ్లున్నా చుట్టాన్నే.”

నేను చెయ్యి చాచి బండి గంట కొట్టాను.

నెలాఖరున టీచరమ్మగారు బడ్డీకొట్టు అమ్మకాలు చూడటానికి వచ్చింది. అమ్మకాలు సగానికి పడిపోయాయి. కొట్టు నడవకపోతే రెండో విడత డబ్బు రాదు, బండి కూడా వెనక్కి తీసుకుని ఇంకొకరికి ఇస్తారు. అది ట్రస్టు నియమం, ఆవిడ చేతిలో లేదు. బేరాలన్నీ సాయంత్రాలేనని తెలియని ఆవిడ, ఎందుకిలా అయిందని వాణ్ణి అడుగుతోంది, వాడు తల వంచుకుని నేల చూస్తున్నాడు. నా పేరు చెప్పడే! ఇంతలో నాన్న రోడ్డు దాటి వచ్చి, సాయం చేస్తున్నాననుకుని, “కుర్రాడు మంచివాడేనండీ, సాయంత్రాలు మాత్రం కొట్టు కట్టేసి ఎటో పోతున్నాడు,” అన్నాడు.

బండి పోతుంది. నెల కిందట నేను కోరుకున్నది సరిగ్గా అదే. కానీ ఆ ఎర్ర బండి లేకుండా వాడు మళ్లీ అరుగు పట్టుకుని పాకడం కళ్లముందు కనిపించింది.

“నాకు నిద్ర బ్రహ్మాండంగా పడుతుందండీ,” అని అరిచాను.

మొత్తం చెప్పేశాను, పెసరట్లతో సహా. నాన్న మొహం ఎండుమిరపకాయ రంగుకి వచ్చింది. టీచరమ్మగారు మాత్రం కళ్లద్దాల మీంచి చూసి, “ఏడాది అన్నావు కదా, ఇప్పుడెంతకి దిగుతావు?” అంది. అప్పటికి నేర్చుకుంది ఆవిడ!

“నాకు మూడో రోజే తెలుసండీ,” అన్నాడు ఒరిస్సా. “గోడకి ఆనుకుని గురక పెట్టాడు.”

“మరెందుకు వెళ్లావయ్యా?”

“ఎవరూ లేరన్నాడని మీరే చెప్పారు కదండీ. ఆ ముక్క అబద్ధం అనిపించలేదు.”

తర్వాత నాన్న, జన్మలో మొదటిసారి, నన్ను వదిలేసి వాడి మీద విరుచుకుపడ్డాడు. “ఒరేయ్ దద్దమ్మా! బేరాల వేళ కొట్టు కట్టేసి కబుర్లు చెప్పుకుంటార్రా ఎవరైనా? బుద్ధుందా నీకు? ఈ వెధవకి లేదు సరే, నీకేమైందిరా?”

ఒరిస్సా మొహం వెలిగిపోయింది. బండి ఇచ్చిన రోజున కూడా అంత వెలగలేదు. కానీ అది నా ఒరేయ్!

టీచరమ్మగారు ట్రస్టుకి జరిగింది జరిగినట్టు రాసింది. బండి ఉండిపోయింది, రెండో విడతా వచ్చింది.

ఇక లెక్క, ఈసారి రెట్టింపు లేకుండా. అడిగింది రెండు వేలు, వచ్చింది సున్నా. నా వల్ల వాడికి పోయినవి ముప్పై సాయంత్రాలు. నాన్న తీర్పు ప్రకారం నేను తిరిగి కట్టినవి అరవై, వాడి కొట్లో బీడీ కట్టలు అందిస్తూ. చెప్పుకోడానికి ఒక మనిషి మిగిలాడు, నలభై ఏళ్లుగా. ఇది లాభం కింద రాస్తున్నాను. నష్టం కింద ఒక్కటే: నాన్న ఒరేయ్‌లో సగం వాడికి పోయింది. నాన్న ఇప్పుడు లేడు. ఆ గొంతు వినాలనిపించినప్పుడు వాడి దగ్గరికే వెళతాను. నాన్నని నాకన్నా వాడే బాగా అనుకరిస్తాడు. ఆ అసూయ బాకీ మాత్రం ఇంకా అలాగే ఉంది.